అంగళ్ల రాజీ – పాఠకుని పద్దు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ప్రతి గ్రామమునందును రెండు పుస్తకములు కలవు. వానిని చదువుటకై అడిగి ఇంటికి తీసికొనిపోవువారు లేరు. అందొకటి కిరాణాకొట్టులోని ఖాతాపుస్తకము. రెండవది గ్రంథాలయమున పుస్తకములు ఇచ్చి పుచ్చుకొనునప్పుడు వ్రాయు రిజిస్టరు. మొదటిదానియందు ఏ యింటికి ఎంత బియ్యము, ఎంత నూనె, ఏ నెలలో ఎంత అరువు అనునది వ్రాయబడియుండును. రెండవదానియందు ఎవరు ఏ గ్రంథమును ఏనాడు తీసికొనిపోయి ఏనాడు తిరిగి యిచ్చిరో వ్రాయబడియుండును.

చూచుటకు రెండును అట్టలు నలిగిన మామూలు పుస్తకములే. కాని వానిని తీరికగా తిరుగవేయువానికి ఆ గ్రామములోని సంసారముల గుట్టంతయు తెలిసిపోవును. ఒక యింటివారు ఉన్నట్టుండి చక్కెర కొనుట మానినచో ఆ యింట ఎవరికో మధుమేహము వచ్చెనని ఊహింపవచ్చును. ఒక యువకుడు వరుసగా ఉద్యోగ పరీక్షల పుస్తకములే తీసికొనుచున్నచో, అతడు ఊరు విడువ దలచుచున్నాడను సంగతి అతని తండ్రికంటె ముందుగా రిజిస్టరుకు తెలియును. ఒక గృహిణి వివాహ చట్టమును గూర్చిన గ్రంథమును రెండుమారులు తీసికొన్నచో, ఆమె ఎవరికిని చెప్పుకొనని బాధ ఏదో ఆ కాగితముమీదికి వచ్చినట్లే. ఇంటిగుట్టు లంకకు చేటని పెద్దలు చెప్పిరి. ఆ గుట్టు ఇన్నాళ్లును నిలిచియున్నదనిన, అది కొట్టు యజమాని మంచితనమువలనను, గ్రంథపాలకుని మర్యాదవలనను నిలిచినది.

నేడు ఆ రెండు పుస్తకములును కలిసి ఒకటైనవి. ఇంటర్నెట్టుమీద వెలసిన అంగళ్లలో కోట్లాది జనుల కొనుగోళ్లు, వారు చదివిన గ్రంథములు, చదువ దలచి మానుకొన్న గ్రంథములు సైతము ఒకే పద్దున చేరుచున్నవి. అట్టి అంగళ్లలో మొదటి తరమునకు చెందిన రెండు పుస్తకపు దుకాణములు అమెరికా దేశమున ఒక పేటెంటుకై వ్యాజ్యమాడి, తుదకు రాజీ పడినవి. ఆ వ్యాజ్యమును, దాని వెనుక నిలిచిన పాఠకుని పద్దును గూర్చి చెప్పుటయే ఈ ఉపన్యాసము ఉద్దేశము.

పేటెంటు అనగా ఒక క్రొత్త సాధనమునో, విధానమునో కనిపెట్టినవారికి ప్రభుత్వము కొంతకాలమునకు ఇచ్చు ప్రత్యేక హక్కు. ఆ గడువులో అనుమతి లేక దానిని ఇతరులు వాడరాదు. దానికి ప్రతిఫలముగా కనిపెట్టినవారు తమ విధానమును దాచక లోకమునకు వెల్లడింపవలెను. అమెరికాలో ఈ గడువు దరఖాస్తు చేసిననాటినుండి 20 సంవత్సరములు.

అమెజాన్ సంస్థ 1995లో ఇంటర్నెట్టుమీద పుస్తకములు అమ్ముట ప్రారంభించెను. బార్న్స్ అండ్ నోబుల్ అను సంస్థ అప్పటికే అమెరికా పట్టణములలో పెద్ద పుస్తకశాలలు నడుపుచు పేరుపొందినది; అదియును 1997లో ఇంటర్నెట్టు అంగడిని తెరచెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో అమెజాన్ ఒక క్రొత్త ఏర్పాటు చేసి, దానిపై పేటెంటు కోరుచు దరఖాస్తు పెట్టెను. దానికి "ఒకే క్లిక్కు" అని పేరు. 1999 సెప్టెంబరు 28న 5,960,411 సంఖ్యతో పేటెంటు మంజూరయ్యెను. కనిపెట్టినవారుగా పేర్కొనబడిన నలుగురిలో ఆ సంస్థ స్థాపకుడైన జెఫ్ బెజోస్ ఒకడు.

ఆ ఏర్పాటు గ్రామీణులకు క్రొత్తది కాదు. కొట్టునకు పోయి, సరుకు చూపి, "మా పద్దున వ్రాయండి" అని ఒక్క మాట అన్నచో చాలును. సరుకు ఇంటికి చేరును. పేరు, వీధి చెప్పనక్కరలేదు; అవి ఖాతాపుస్తకములో ఉన్నవి. ఇంటర్నెట్టు అంగడిలో తొలినాళ్లలో ఈ సదుపాయము లేదు. కొనువారు వస్తువులను బుట్టలో చేర్చి, చిరునామా వ్రాసి, కార్డు సంఖ్య వ్రాసి, సరిచూచి, మరల ఔనని చెప్పవలసియుండెను. ఈ మెట్లలో ఏదో ఒకదానివద్ద విసుగుచెంది అనేకులు కొనకయే మరలిపోవుచుండిరి.

అమెజాన్ చేసినదేమనగా, కొనువారి పేరు, చిరునామా, కార్డు సంఖ్య ఒకమారు తీసికొని తన కంప్యూటరులో భద్రపరచెను. కొనువారి కంప్యూటరునందు ఒక చిన్న గుర్తును ఉంచెను. దానిని కుకీ అందురు. ఆ వ్యక్తి మరల వచ్చినప్పుడు ఆ గుర్తును చూచి అంగడి అతనిని పోల్చుకొనును. అతడు మీటను ఒక్కమారు నొక్కినచో, భద్రపరచియున్న వివరములను తీసికొని సరుకును పంపును. కార్డు సంఖ్యను ప్రతిసారియు పంపనక్కరలేకపోవుటచే కొంత క్షేమము కూడ కలదని పేటెంటు పత్రములోనే వ్రాయబడినది. ఆ మాటలో నిజము లేకపోలేదు.

ఇందు రెండు భాగములు కలవు. ఒకటి మీట, రెండవది పద్దు. మీట అంగడివారిది. పద్దులోని పేరు, చిరునామా, చదువు అభిరుచి కొనువారివి. పద్దు లేనిదే మీట పనిచేయదు. అయినను తరువాత జరిగిన వ్యాజ్యమంతయు మీటను గూర్చియే జరిగెను. పద్దు ఎవరిదను ప్రశ్న ఆ కోర్టు ముంగిటికి రాలేదు. ఈ కథలో గుర్తుంచుకొనవలసిన మొదటి సంగతి ఇది.

బార్న్స్ అండ్ నోబుల్ వారు తమ అంగడిలో "ఎక్స్‌ప్రెస్ లేన్" అను పేరుతో ఇట్టి ఏర్పాటునే నడుపుచుండిరి. పేటెంటు మంజూరైన మరుసటి నెల, 1999 అక్టోబరులో, అమెజాన్ వారు సియాటిల్ నగరములోని ఫెడరల్ న్యాయస్థానమున దావా వేసిరి. న్యాయమూర్తి మార్షా పెక్‌మన్ డిసెంబరు 1న తాత్కాలిక నిషేధాజ్ఞ నొసగెను. అది క్రిస్మస్ పండుగ బేరముల కాలము. సంక్రాంతి ముందర బట్టలకొట్టు తలుపు సగము మూయించినచో ఎట్లుండునో అట్లయ్యెను. ప్రతివాదులు తమ ఏర్పాటులో ఇంకొక మెట్టు చేర్చి, ఒక నొక్కునకు బదులు రెండు నొక్కులు పెట్టి వ్యాపారము సాగించిరి.

ఈ ఆజ్ఞపై పెద్ద చర్చ లేచెను. సాఫ్ట్‌వేరు స్వేచ్ఛకై ఉద్యమము నడపిన రిచర్డ్ స్టాల్‌మన్ అమెజాన్‌ను బహిష్కరింపుడని పిలుపునిచ్చెను. గ్రంథ ప్రకాశకుడగు టిమ్ ఒరైలీ బహిరంగముగా నిరసన తెలిపెను. జెఫ్ బెజోస్ సైతము 2000 మార్చిలో ఒక బహిరంగ లేఖ వ్రాసి, వ్యాపార విధానములపై, సాఫ్ట్‌వేరుపై పేటెంట్ల గడువును మూడునుండి అయిదు సంవత్సరములకు తగ్గించుట మేలని సూచించెను. కాని తన పేటెంటును మాత్రము విడువలేదు.

ప్రతివాదులు అప్పీలు చేసిరి. ఇట్టి ఉపాయము పూర్వమే ఉన్నదని వారి వాదము. కంప్యూసర్వ్ అను సేవలో 1990ల నడుమ షేర్ల ధరల పటములను ఒక మీట నొక్కి కొనుచుండిరనియు, పటమునకు 50 సెంట్లు ఖాతాలో పడుచుండెననియు వారు చూపిరి. 2001 ఫిబ్రవరి 14న అప్పీలు న్యాయస్థానము నిషేధాజ్ఞను రద్దుచేసెను. పేటెంటు చెల్లుబాటును గూర్చి బలమైన సందేహము కలదని చెప్పెను. కాని అది చెల్లదని తుది తీర్పు చెప్పక, కేసును పూర్తి విచారణకై క్రింది కోర్టునకు పంపెను.

ఆ విచారణ జరుగనే లేదు. 2002 మార్చిలో ఉభయులును రాజీపడిరి. షరతులు వెల్లడింపలేదు.

రాజీ చెడ్డది కాదు. దావాలో గెలిచినవాడు ఓడినట్లు, ఓడినవాడు చచ్చినట్లు అను లోకోక్తి తెలియని గ్రామము లేదు. ఇచ్చట ఉభయులకును భయము కలదు. విచారణ సాగినచో అమెజాన్ పేటెంటు మొత్తము పోవచ్చును. బార్న్స్ అండ్ నోబుల్ పెద్ద నష్టపరిహారము చెల్లింపవలసిరావచ్చును. వకీళ్ల ఖర్చు ఉభయులకును తప్పదు. గట్టు తగాదాలో ఇద్దరు రైతులు పెద్దమనుష్యుల ఎదుట కూర్చుండి సరిహద్దు రాయి పాతుకొన్నచో ఊరికి మేలే.

అయినను గట్టు రాయి అందరికిని కనబడును. ఈ రాజీ షరతులు ఎవరికిని కనబడలేదు. ఒక మీట నొక్కి వస్తువు కొనుట అను ఆలోచనపై ఒకరికే హక్కు ఉండవచ్చునా అను ప్రశ్న ఆ ఇద్దరిది మాత్రమే కాదు. అది ప్రతి చిన్న వర్తకునిది. దానికి సమాధానము రాకుండగనే రాజీ జరిగెను. ఆపిల్ సంస్థ 2000లోనే అమెజాన్‌వద్ద అనుమతి కొనియుండెను. కోర్టు ఖర్చు భరింపలేని చిన్నవారు ఆ దారినే తప్పుకొని నడువవలసివచ్చెను. 2006లో పేటెంటు కార్యాలయమునకు పునఃపరిశీలన కోరుచు విజ్ఞప్తి అందగా, అది 2010లో పేటెంటు పరిధిని కొంత కుదించి నిలిపెను. గడువు తీరినది 2017 సెప్టెంబరులో. భారతదేశపు పేటెంటు చట్టము ఈ విషయమున వేరు మార్గము పట్టినది: 1970 నాటి చట్టములోని 3వ సెక్షను, 2002లో చేసిన సవరణతో, వ్యాపార విధానమును, కేవలము కంప్యూటరు ప్రోగ్రామును పేటెంటు పొందదగిన ఆవిష్కారములుగా గుర్తింపదు.

ఇక పద్దు మాట. ఆబోతులు పోట్లాడి లేగల కాళ్లు విరుగద్రొక్కినట్లని సామెత. ఈ పోరాటములో కొనువారి కాలు విరిగెనని చెప్పుటకు వీలులేదు. కాని వారి పద్దు విలువ ఎంతటిదో లోకమునకు తెలిసిపోయినది. ఒక నొక్కునకై, అనగా సిద్ధముగా ఉన్న పద్దును వాడుకొను హక్కుకై, ఇంతటి సంస్థలు రెండేండ్లకు మించి వ్యాజ్యమాడినవన్నచో, ఆ పద్దే అంగడికి మూలధనము.

ఆ సంగతి వ్యాజ్యము నడుమనే బయటపడెను. 2000 సెప్టెంబరు నాటికి అమెజాన్ తన గోప్యతా నియమములను మార్చెను. అంతకు పూర్వము, "నా వివరములు ఎన్నడును ఇతరులకు ఈయవలదు" అని ఒక లేఖ పంపి చెప్పుకొను అవకాశము కొనువారికి ఉండెను. క్రొత్త నియమములలో ఆ అవకాశము పోయెను. వ్యాపారము గాని అందలి భాగము గాని చేతులు మారినచో, కొనువారి వివరములు ఆ ఆస్తితోపాటు మారు ఆస్తిలో చేరునని వ్రాయబడెను. గోప్యతా రక్షణకై పాటుపడు ఎపిక్ అను వాషింగ్టన్ సంస్థ అప్పటివరకు అమెజాన్ ద్వారా తన గ్రంథములు అమ్ముచుండెను. ఈ మార్పు చూచి ఆ సంబంధమును తెంచుకొనెను.

వివరములు ఆస్తియైనచో, ఆస్తివలెనే వేలమునకు వచ్చును. అదే సంవత్సరము టాయ్‌స్మార్ట్ అను బొమ్మల అంగడి దివాలా తీసెను. అందు వాల్ట్ డిస్నీ సంస్థకు అధిక భాగము ఉండెను. కొనువారి వివరములు మూడవవారికి ఎన్నడును ఈయబోమని ఆ అంగడి వాగ్దానము చేసియుండెను. ఆ వివరములలో పిల్లల పేర్లు, పుట్టినతేదీలు కూడ కలవు. అయినను దివాలా తీసినంతనే ఆ జాబితా అమ్మకమునకు కలదని పత్రికలో ప్రకటించెను. 2000 జూలైలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషను దావా వేసి, అదే నెలలో షరతులతో రాజీ కుదుర్చుకొనెను. ఆ రాజీతో అనేక రాష్ట్రముల అధికారులు తృప్తిచెందలేదు. తుదకు 2001 జనవరిలో డిస్నీకి చెందిన అనుబంధ సంస్థ 50,000 డాలర్లు చెల్లించి ఆ జాబితాను నాశనము చేయించునట్లు ఏర్పాటు జరిగెను. పిల్లల పేర్ల పట్టికను కాల్చివేయుటకు కూడ డబ్బు చెల్లింపవలసి వచ్చెననుట ఆలోచింపదగినది. ఈ అనుభవము పిమ్మట 2005లో అమెరికా దివాలా చట్టమును సవరించి, ఇట్టి జాబితాలు అమ్ముడుపోవు సందర్భములలో కొనువారి గోప్యతను పరిశీలించుటకు ప్రత్యేకాధికారిని నియమించు పద్ధతి పెట్టిరి.

ఆ అధికారి పని పుస్తకముల విషయమున 2011లో పడెను. బోర్డర్స్ అను పెద్ద పుస్తకశాలల సంస్థ ఆ సంవత్సరము దివాలాతో మూతపడెను. దాని వ్యాపార చిహ్నములను, కొనువారి జాబితాను కలిపి 139 లక్షల డాలర్లకు కొన్నవారు మరెవరో కాదు, ఒకే క్లిక్కు వ్యాజ్యములో ప్రతివాదియైన బార్న్స్ అండ్ నోబుల్ వారే. జాబితాలో సుమారు 4 కోట్ల 80 లక్షల మంది పేర్లు కలవు. బోర్డర్స్ వారు 2008కి పూర్వము తమ చందాదారులకు, అనుమతి లేక వివరములను ఇతరులకు ఈయబోమని మాట ఇచ్చియుండిరి. ఫెడరల్ ట్రేడ్ కమిషను ఆ మాటను గుర్తుచేసెను. తుదకు న్యూయార్కులోని దివాలా న్యాయస్థానము ఒక షరతు పెట్టెను: ప్రతి కొనుగోలుదారునకు లేఖ పంపవలెను; ఇష్టము లేనివారు 15 దినములలో తమ పేరు తొలగింపుమని కోరవచ్చును.

ఇది మేలైన షరతే. కాని ఆ లేఖ చదువనివారు, ఇంగ్లీషు సరిగా రానివారు, ఆ దినములలో జబ్బుపడినవారు, చనిపోయినవారు, వారందరి మౌనమును అంగీకారముగానే లెక్కింపవలసివచ్చెను. వద్దనువారు నోరు విప్పి చెప్పవలెను. ఊరకున్నవారి పద్దు చేతులు మారును.

వర్తకులందరిని ఒకే గాట కట్టుట న్యాయము కాదు. పాఠకునికై నిలబడిన అంగళ్లును కలవు. అమెరికాలోని డెన్వర్ నగరమున టాటర్డ్ కవర్ అను పుస్తకశాల కలదు. 2000లో ఒక మత్తుమందుల కేసు విచారించుచున్న పోలీసులు, ఒక వ్యక్తి అక్కడ కొన్న పుస్తకములేవో చెప్పవలసినదని వారంటు తెచ్చిరి. అంగడి యజమానురాలు జాయిస్ మెస్కిస్ నిరాకరించి కోర్టునకు పోయెను. 2002 ఏప్రిల్‌లో, ఆ రెండు పెద్ద అంగళ్లు రాజీపడిన మరుసటి నెలలోనే, కొలరాడో రాష్ట్ర సుప్రీం కోర్టు ఆమె పక్షమున తీర్పు చెప్పెను. కొన్న పుస్తకము జపాను లిపిని గూర్చినదని తరువాత తెలిసినది. ఆ సంగతి ముందే చెప్పియున్నచో నష్టమేమి అని ఎవరైన అడుగవచ్చును. ఆ ఒక్క పుస్తకము వలన నష్టము లేకపోవచ్చును. కాని ఒకనాడు రిజిస్టరు తెరచినచో, మరునాడు జబ్బును గూర్చిన పుస్తకము, మతమును గూర్చిన పుస్తకము, అధికారుల తప్పులను చూపు పుస్తకము తీసికొనుటకు పాఠకుడు జంకును. చదువరికి జంకు పుట్టిన చోట బీరువాలో ఎన్ని గ్రంథములున్నను ఏమి ప్రయోజనము?

అమెజాన్ సైతము ఒకమారు పాఠకుని పక్షమున నిలిచెను. 2010లో ఉత్తర కరోలినా రాష్ట్ర రెవెన్యూ శాఖవారు పన్ను లెక్కలకై విచారించుచు, సుమారు 5 కోట్ల కొనుగోళ్ల వివరములలో ఎవరెవరు ఏమేమి కొనిరో పేర్లతోసహా కావలెననిరి. అమ్మిన వస్తువులేవో అమెజాన్ అంతకుముందే తెలిపియుండెను. పేర్లు మాత్రము ఈయక సియాటిల్ కోర్టున దావా వేసెను. ఈసారి కొందరు కొనుగోలుదారులు తమ పేర్లు బయటపెట్టకయే, అమెరికను సివిల్ లిబర్టీస్ యూనియన్ సాయముతో, ఆ దావాలో కక్షిదారులుగా చేరిరి. ఏ పుస్తకము చదువుచున్నదియు ప్రభుత్వమునకు చెప్పుకొనవలసిన పని పౌరునికి లేదని ఆ సంవత్సరము అక్టోబరులో తీర్పు వచ్చెను. తీర్పు చెప్పినది న్యాయమూర్తి మార్షా పెక్‌మన్. పదునొకండు సంవత్సరములకు పూర్వము ఒకే క్లిక్కు వ్యాజ్యమున నిషేధాజ్ఞ నొసగినది ఆమెయే. 2011లో ఈ కేసును రాజీతోనే ముగిసెను. కాని దాని షరతు లోకమునకు తెలిసినది: ఎవరు ఏమి కొనిరను వివరములను పేర్లతో జోడించి ఆ శాఖ అడుగబోదు.

ఈ రెండు రాజీలను ప్రక్కప్రక్కన ఉంచి చూడవలెను. మొదటిదానిలో అంగళ్లు రెండే కక్షిదారులు, షరతులు రహస్యము, పాఠకుని పద్దు ఊసే లేదు. రెండవదానిలో పాఠకులు స్వయముగా కోర్టున నిలిచిరి, షరతు బహిరంగము, ఆ షరతు పాఠకుని రక్షణకే. రాజీ మంచిదా చెడ్డదా అని తేల్చుటకు, దానిలో కూర్చున్నవారెవరు, దానివలన తాకిడి తగులువారికి అది తెలిసినదా అని చూచుటయే గీటురాయి.

ఈ సంగతులు సముద్రములకు ఆవలివని తలంపరాదు. నేడు గ్రామమునందు ఎరువులు, బట్టలు, మందులు, పుస్తకములు ఫోనుమీదనే కొనుచున్నారు. భారతదేశమున ఈ విషయమై కొన్ని కట్టుబాట్లు ఏర్పడినవి. కార్డుతో ఇంటర్నెట్టుమీద డబ్బు చెల్లించునప్పుడు రెండవ ధ్రువీకరణ ఉండవలెనని రిజర్వు బ్యాంకు 2009 నుండి నియమము పెట్టినది. ఫోనునకు వచ్చు ఓటీపీ ఆ నియమమువలన వచ్చినదే. 2022 అక్టోబరు 1 నుండి అంగడివారు కార్డు సంఖ్యను తమవద్ద దాచుకొనరాదనియు, దానికి బదులుగా టోకెను అను మారుసంఖ్యను మాత్రమే వాడవలెననియు ఏర్పరచినది. అమెరికా అంగళ్లు పోరాడిన ఆ పద్దులోని ముఖ్యమైన వరుసను ఈ నియమము అంగడి చేతిలోనుండి తీసివేసినది. ఓటీపీ వచ్చుట విసుగని కొందరందురు. తలుపునకు గడియ వేయుటయు విసుగే. అయినను ఎవరును మానరు.

గోప్యత పౌరుని మౌలికహక్కని 2017 ఆగస్టు 24న సుప్రీం కోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పెను. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చెను. సమాచారము తీసికొనుటకు సమ్మతి పొందవలెను. ఇచ్చిన సమ్మతిని వెనుకకు తీసికొనవచ్చును. తప్పులు దిద్దుమని, అక్కర తీరినవి చెరిపివేయుమని కోరవచ్చును. భద్రతలో లోపము చూపిన సంస్థకు 250 కోట్ల రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును. నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. సంస్థల ప్రధాన బాధ్యతలు అప్పటినుండి 18 నెలల గడువు మీద అమలులోనికి వచ్చునట్లు ఏర్పరచిరి. చట్టము చేతిలో ఉన్నను, అడుగువాడు లేనిచో అది బీరువాలోని గ్రంథమువంటిదే.

చివరకు గ్రంథాలయము మాట. అమెరికను గ్రంథాలయ సంఘము 1939లోనే తన నీతి నియమావళిలో, పాఠకులనుగూర్చి తెలిసికొన్న స్వంత విషయములను గోప్యముగా ఉంచుట గ్రంథపాలకుని ధర్మమని చెప్పెను. అప్పటికి కంప్యూటరు లేదు, కుకీ లేదు, కలము, రిజిస్టరు మాత్రమే ఉండెను. అంగడివారు కోర్టులు తిరిగి నేర్చుకొన్న పాఠము గ్రంథాలయమునకు పుట్టుకతో వచ్చిన ధర్మము.

ఇరువదియైదు సంవత్సరములు నిండిన గ్రంథాలయమున ఇరువదియైదు సంవత్సరముల రిజిస్టర్లు ఉండును. అవి బీరువా అడుగున చెదలు పట్టుచుండును. ఏదో ఒకనాడు పాతకాగితములు కొనువాడు వచ్చును. కిలో లెక్కన తూచి ఇచ్చినచో, ఆ పుటలు మిరపకాయ బజ్జీల పొట్లములుగా వీధిలోనికి వచ్చును. ఎవరు ఏనాడు ఏ గ్రంథమును తీసికొనిపోయిరో బజ్జీ తినువారందరు చదువుదురు. ఇది తమాషా మాట కాదు. టాయ్‌స్మార్ట్ జాబితాకు పట్టబోయిన గతి ఇదే, బజ్జీ నూనెకు బదులు డాలర్లు అంటియుండును, అంతే భేదము.

అంతకంటె పెద్ద అవసరము ముందున్నది. రిజిస్టరు పోయి కంప్యూటరు వచ్చును. ఉచితముగా సాఫ్ట్‌వేరు ఇచ్చెదమని, చందాదారుల ఫోను నంబర్లు చేర్చిన చాలునని చెప్పువారు రాగలరు. ఆనాడు సంఘమువారు నాలుగు ప్రశ్నలు అడుగవలెను. చందాదారుల వివరములు ఎవరి కంప్యూటరులో ఉండును? పుస్తకము తిరిగివచ్చిన పిమ్మట ఆ పద్దును చెరిపివేయుటకు వీలు కలదా? ఆ సంస్థ మూతపడినను, మరొకరికి అమ్ముడుపోయినను జాబితా ఎవరికి చెందును? సంస్థకు, గ్రంథాలయమునకు తగవు వచ్చి రాజీ కుదిరినచో, ఆ షరతులను చందాదారుల సభలో చదివి వినిపింతురా? ఈ నాలుగింటికిని కాగితముమీద తెలుగులో సమాధానము వ్రాసి యిచ్చువారివద్దనే సాఫ్ట్‌వేరు తీసికొనవలెను. ఈయనివారివద్ద ఉచితమైనను అక్కరలేదు. అందు వెల లేకపోలేదు, ఆ వెల చందాదారుల పద్దు.

పాత రిజిస్టర్ల విషయమై చేయవలసినది మరింత సులువు. పోయిన పుస్తకముల లెక్క తేలి, ఆడిట్ ముగిసిన సంవత్సరముల పుటలను తూకమునకు ఈయక, సంఘము తీర్మానించి, ఇద్దరు చందాదారుల సమక్షమున కాల్చివేయవలెను. ఎన్ని గ్రంథములు చదువబడినవను సంఖ్యను మాత్రము చరిత్రకై వ్రాసియుంచవలెను. ఎవరు చదివిరను మాట చదివినవారి మనస్సులో ఉన్న చాలును.

రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయమునకు ఈ ఇరువదియైదు సంవత్సరముల ఆస్తి బీరువాలు కాదు, భవనము కాదు. గ్రామములోని ఒక భయస్థురాలు తలవంచుకొని వచ్చి, తనకు కావలసిన పుస్తకమును వ్రేలితో చూపి తీసికొనిపోయి, దానిని గూర్చి ఎవరును అడుగరను ధైర్యముతో మరల రాగలుగుటయే దాని ఆస్తి. రాబోవు స్వర్ణోత్సవమునకు ఆ ధైర్యము చెక్కుచెదరక యుండునట్లు చూచు భారము సంఘముపై, గ్రంథపాలకునిపై, ప్రతి చందాదారునిపై కలదు.

గ్రంథాలయము నిత్యాభివృద్ధి చెందుగాక!